ఎర్రగడ్డల ఖరీదు

“మస్తానూ! ఎర్రగడ్డలు తరగమంటే పొయ్యిలోకి కట్టెలు చీలుస్తాండావేందయ్యా!”

ఆ కేక తకియా వాకిట్లో పుట్టి, వీధి చివర టీ హోటలు దాకా వెళ్లింది. అక్కడ గ్లాసు నోటి దాకా తెచ్చుకున్న మనిషి చెయ్యి ఆపి, “సారు పొయ్యికాడ చేరినట్టుండాడే” అన్నాడు. పక్కనున్నవాడు, “మూడు దినాలాయ చేరి” అని తన టీ ఊదుకున్నాడు.

సారు అంటే ఓబులేసు. పక్క టౌనులో డిగ్రీ కాలేజీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాడు. తకియా అంటే గుట్ట కింద ఫకీరు సిలారు తాత ఉండే చోటు. ఒక పాత సమాధి, పక్కన రెండు గదుల మిద్దె, ముందు బండలు పరిచిన పెద్ద వాకిలి. అంతే. ఏటా ఆ సమాధి దగ్గర జరిగే ఉరుసు నాడు మధ్యాహ్నం నమాజు అయ్యాక ఊరందరికీ అక్కడ అన్నం పెడతారు. బగారన్నం, సొరకాయ వేసిన పప్పుపులుసు దాల్చా, చివర్న బెల్లం కలిపి పిసికిన ఒక మలీదా ముద్ద. ఆ రుచి మళ్లీ ఉరుసు దాకా నాలుక మీద ఉంటుందని ఊళ్లో అంటారు.

ఆ అన్నం తినడానికీ ఒక పద్ధతి ఉంది. పెద్ద పెద్ద పళ్లేల్లో ముందే అంతా వడ్డించేస్తారు. ఒక్కో పళ్లెం చుట్టూ నలుగురు. ఎవరు ఎవరి పక్కన పడితే వాళ్లే ఆ పూటకు చుట్టాలు. నాలుగోవాడు వచ్చి చేరేదాకా మిగతా ముగ్గురూ మెతుకు ముట్టకూడదు.

ఓబులేసు ఏటా ఉరుసుకు ముందే సెలవు పెట్టి వచ్చేస్తాడు. వచ్చి, సంచి గోడకు తగిలించి, తాత కాళ్లకు దండం పెడతాడు. తాత, “వచ్చినావా నాయనా, కూర్చో” అంటాడు. ఓబులేసు, “ఇప్పుడే వస్తా తాతా, పొయ్యి చూసి” అని వాకిట్లోకి పోతాడు. ఇక పోవడమే.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, ఆయనకు రాని పని లేదు. అన్నం దించాడంటే మెతుక్కూ మెతుక్కూ మధ్య చీమ దూరి పోవచ్చు. పొయ్యి రాజేస్తే పొగ ఉండదు. ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, తరిగితే ముక్కలోంచి అవతలి మనిషి కనపడతాడు. ముందుగా చన్నీళ్లలో నానేసి తరుగుతాడు గనక కంట్లో చుక్క నీరు రాదు. ఆ సంగతి అడిగినవాళ్లకూ చెబుతాడు, అడగనివాళ్లకూ చెబుతాడు.

చిక్కల్లా ఏమిటంటే, తనకు వచ్చిన పని ఇంకొకరు చేస్తుంటే చూడలేడు.

ముందురోజు పీరమ్మవ్వ చేతిలోంచి మలీదా తట్ట లాక్కున్నాడు. పీరమ్మవ్వ తాతకు చెల్లెలు. ఆమె చేతులు మలీదా పిసకడం మొదలుపెట్టినప్పటికి ఓబులేసు పుట్టనే లేదు. “అవ్వా, ఒక ముద్ద కొబ్బరికాయంత, ఒక ముద్ద గోలీకాయంత. ఊళ్లో జనం కొట్టుకుంటారు” అని తట్ట పక్కకు జరిపి, తనే ఒక్క తీరున కట్టి పెట్టాడు. చూస్తే అన్నీ కవలపిల్లల్లా ఉన్నాయి.

ముసలామె చేతులు దులుపుకుని లేచి, పక్కనున్నవాళ్లతో అంది: “టమాటా రేటు ఎందుకు పెరిగింది సారూ అంటే డిమాండు అంటాడు. ఎందుకు తగ్గింది సారూ అంటే సప్లై అంటాడు. ఈ రెండు మాటలకే జీతమిస్తాండారు. మిగతా పొద్దంతా ఏం జేస్తాడు పాపం, మన చేతుల్లో పని గుంజుకోక.”

అందరూ నవ్వుదామని నోరు తెరిచి, ఓబులేసు మొహం చూసి మూసుకున్నారు.

ఆయన గుబులు ఆయనకు ఉంది. అది వాళ్లకు తెలియదు.

సిలారు తాత ఉపదేశాలు చెప్పడు. ఎప్పుడో, ఎవరికో, ఉరుసు నాడు తన పళ్లెం దగ్గర కూర్చున్నవాళ్ల చెవి దగ్గరికి వంగి ఒక్క మాట అంటాడు. ఆ మాట ఇక వాళ్లది. పరుపులు కుట్టే మస్తాను, పెళ్లాం చనిపోయిన ఏడాది దూదేకే విల్లు అటక మీద పడేసి మూలకు చేరాడు. అప్పుడు తాత అతని చెవిలో “నవ్వు” అన్నాడు. అంతే. ఇప్పుడు సూది వేలికి గుచ్చుకున్నా మస్తాను నవ్వుతాడు. పీరమ్మవ్వకు “తలుపు వెయ్యొద్దు” అన్నాడు. ఆమె ఇంటికి గడియ ఉన్న సంగతి ఊరు మరిచిపోయింది.

ఓబులేసుకు మాత్రం ఇన్నేళ్లలో ఒక్క మాటా అందలేదు. చదువుకున్నవాడికి ఏం చెబుతాంలే అనుకుంటున్నాడా తాత? నా సేవలో ఏదో వంక కనపడుతోందా? ఈ రెండో ఆలోచన ఆయన్ను తినేస్తోంది. ఈ ఏడాది ఉరుసులో రవ్వంత లోపం ఉండకూడదు. ఉప్పు ఎక్కువ కాకూడదు, ముద్ద వంకర పోకూడదు. అప్పుడు మాట రాక ఎక్కడికి పోతుంది?

అందుకే ఉరుసు నాటి పొద్దున ఆ కేక.

మస్తాను కత్తి కింద పెట్టాడు. లుంగీకి చెయ్యి తుడుచుకుని మెల్లగా లేచాడు.

“సారూ, నీ అంత సన్నగా నేను తరగలేను. నీ మాదిరి అన్నం వండలేను. పొయ్యి గూడా నీ మాదిరి రాజేయలేను. నీకంటే బాగా వచ్చే పని నాకు ఒక్కటీ లే. ఇంక నేనీడ దేనికి?”

ఇది చెప్పేటప్పుడు మస్తాను నవ్వలేదు.

వెళ్లి వీధికి అవతలి అరుగు మీద కూర్చున్నాడు. పొయ్యి ఊదుతున్నవాడు కాసేపు అటూ ఇటూ చూసి, గొట్టం గోడకు ఆనించి, తనూ వెళ్లాడు. సొరకాయలు చెక్కే ఇద్దరు ఆడవాళ్లు కొంగు దులుపుకున్నారు. పీరమ్మవ్వ అయితే ముందురోజే అక్కడికి చేరుకుంది.

వాకిట్లో మూడు పొయ్యిలు, ఒక్క ఓబులేసు.

మంచిదేలే అనుకున్నాడు ముందు. ఎర్రగడ్డలు నాలుగు తరిగేసరికి అటు ఎసరు పొంగింది. ఎసరు దగ్గరికి పోతే ఇటు నూనె కాలి పొగ లేచింది. నూనె దించి వచ్చేసరికి మూడో పొయ్యి ఆరింది.

లోపలి నుంచి తాత గొంతు వినపడింది. “ఓబులేసూ, ఒకసారి ఇట్ల రా నాయనా.”

“ఇప్పుడే వస్తా తాతా.”

మూడు రోజులుగా అదే పిలుపు, అదే జవాబు. కానీ ఆరిన పొయ్యి ఎంత ఊదినా అంటుకోలేదు. అరుగు మీద వాళ్లు చూస్తున్నారు. నోటి నిండా బూడిద. ఓబులేసు గొట్టం పడేసి లోపలికి వెళ్లాడు. తాత పిలిచినందుకు కాదు, మొర పెట్టుకోవడానికి.

తాత గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉన్నాడు.

“తాతా, పని తెలిసిన మనుషులు ఇద్దర్ని ఇప్పించు. ఈ మస్తానూ, వీళ్లతో కాదు. మాటంటే పడరు, పని రాదు. ఇట్లయితే ఉరుసు పరువు పోతాది.”

“మనుషుల సంగతి చూద్దాంలే. ఈ యేడు పిల్లోళ్లకు ఏం పాఠం జెప్తాండావు?”

“ఇప్పుడా తాతా? పొయ్యి మీద అంతా…”

“నాకు చదువు లే. నువ్వు జెప్తే విందామని ఎప్పట్నుంచో ఉండాది.”

ఎకనామిక్స్ అడిగితే ఓబులేసు కాదనలేడు. చాప అంచున, లేవడానికి వీలుగా ఒక మోకాలు పైకి పెట్టుకుని కూర్చున్నాడు.

“అవకాశ వ్యయం అని ఒక పాఠం తాతా. దేనిదైనా ఖరీదు ఎంత అంటే, దానికోసం జేబులోంచి తీసిచ్చింది కాదు. దాన్ని పట్టుకోడానికి ఇంకేది వదులుకున్నామో, అదీ దాని అసలు ఖరీదు.”

“అట్నా. నాకు తెలిసేట్టు జెప్పు.”

“ఒక డాక్టరమ్మ ఉందనుకో. సూది బాగా వేస్తాది. మందుల పొట్లాలు గూడా కాంపౌండరు కంటే బాగా కడతాది. నాకే బాగా వచ్చు గదా అని రెండూ తనే చేస్తా కూర్చుంటే ఏమైతాది?”

“ఏమైతాది?”

“బయట జ్వరంతో వచ్చినోళ్లు అట్నే కూర్చోనుంటారు. ఆ పొట్లం ఖరీదు కాగితమూ మందూ కాదు తాతా. ఆమె చూడకుండా పోయిన రోగి. అందుకని వంకరగా కట్టినా సరే, పొట్లాలు కాంపౌండరే కట్టాల. ఈ పాఠం నేను చెప్తాంటే పక్క క్లాసు పిల్లోళ్లు గూడా కిటికీకాడికి వచ్చి వింటారు.”

“బాగుండాది. అందరికీ అర్థమైతాదా?”

“కొందరికి కాదు తాతా. ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు.”

“పాపం” అన్నాడు తాత.

కాసేపు గడ్డం నిమురుకుని, “మళ్లీ జెప్పు, మెల్లగా” అన్నాడు. “కొంచెం వాలుతా. ఉరుసొస్తే జనం, కన్ను మూతపడలే. నా తలగడ గూడా ఎవురో వాకిట్లోకి తీసకపోయినారు.”

అంటూనే ఓబులేసు నిలబెట్టిన మోకాలిని చేత్తో కిందికి నొక్కాడు. తలపాగా తీసి పక్కన పెట్టాడు. ఆ ఒడి తనకు ఎప్పట్నుంచో అలవాటైనట్టు తల అక్కడ ఆనించి పడుకున్నాడు.

ఓబులేసు పాఠం మళ్లీ మొదలుపెట్టాడు. డాక్టరమ్మ దగ్గరికి వచ్చేసరికి తాత సన్నగా గురక పెడుతున్నాడు.

ఇప్పుడెలా? లేస్తే ముసలాయన లేస్తాడు. కదిలినా లేస్తాడు. బయట నుంచి కందిపప్పు అడుగంటే వాసన ఒకటి మెల్లగా లోపలికి వచ్చింది. ఓబులేసు నోరు తెరిచాడు. ఒడిలోకి చూశాడు. నోరు మూశాడు. వీధి చివరి దాకా వెళ్లే గొంతు మెడలోనే ఆగిపోయింది.

గోడ అవతల పీరమ్మవ్వ మాట వినపడింది. “ఒరే మస్తానూ, సారు యాడరా? పొయ్యి ఆరిపోయింది.”

“తాత పిలిచినాడంట.”

“అయితే లెయ్యి. ఊరు ఆకలి మీద వస్తాది. నీ అలక ఉంటే సాయంత్రం పడుదువులే.”

అడుగులు. పొయ్యి ఊదుతున్న చప్పుడు, దగ్గులు. పొగ గది గడప దాకా వచ్చింది. పొయ్యి అట్నా రాజేసేది, చిన్న పుల్లలు కింద పెట్టాల గదా అని ఓబులేసు పెదాలు మాత్రం కదిపాడు. తర్వాత కత్తి చప్పుడు. టక్కు, టక్కు. చప్పుడును బట్టే ఆయనకు తెలిసిపోతోంది, ఒక్కో ముక్క ఎంత మందమో. కళ్లు మూసుకున్నాడు.

“మస్తానూ, దాల్చాలో ఉప్పేసినావా?”

“నువ్వెయ్యలేదా అవ్వా? నేనేసినా.”

“నేనూ వేస్తినే.”

అయిపోయింది, ఉరుసు పోయింది, మాటా పోయింది అనుకున్నాడు ఓబులేసు.

పీరమ్మవ్వ పకపకా నవ్వింది. ఆమె వెనక ఇంకొకరు. ఆ తర్వాత మస్తాను నవ్వు, దూది ఏకినట్టు తెరలు తెరలుగా. “ఇంగో రెండు సొరకాయలు పడెయ్యండి. నీళ్లు పొయ్యండి. ఎవురన్నా చింతపండు పిసకండి” అని ఎవరో అంటున్నారు. ఎవరు ఏ పని చేస్తున్నారో తెలియడం లేదు. అందరూ ఏదో ఒకటి చేస్తున్నారు.

మూడు రోజులుగా ఈ వాకిట్లో నవ్వు లేదు. లేదన్న సంగతి ఓబులేసుకు ఇప్పుడు తెలిసింది.

చేసేదేమీ లేక ఒడిలోకి చూశాడు.

తాత మొహాన్ని ఇంత దగ్గర నుంచి ఎప్పుడు చూశాడు? కనుబొమ్మలు కూడా నెరిశాయి. మణికట్టు చూస్తే చిన్నపిల్లల మణికట్టులా ఉంది. వేలికి వెండి ఉంగరం ఎప్పుడూ బిగుతుగా ఉండేది. సబ్బు రాసినా రాదని తాతే ఒకసారి నవ్వుతూ చెప్పాడు. ఇప్పుడు అది జారిపోకుండా లోపల దారం చుట్టి ఉంది. ఆ దారం కొత్తది కూడా కాదు. మాసి, నల్లబడి ఉంది.

ఎప్పుడు చుట్టాడో.

ఓబులేసు చెయ్యి ఎత్తి, ఆ ఉంగరం మీద పెట్టి, అలాగే ఉంచాడు. బయట ఏదో గిన్నె బోర్లపడింది. అటు చూడలేదు.

నమాజు పిలుపు వినపడగానే తాత కళ్లు తెరిచాడు.

“చానాసేపు పండుకున్యానా నాయనా?”

“లే తాతా. కొంచెంసేపే.”

తాత లేచి కూర్చుని తలపాగా చుట్టుకున్నాడు. చుట్టుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు: “అన్నట్టు ఓబులేసూ, ఈ యేడు ఎర్రగడ్డలు ఎంత పడినాయి మనకు?”

సంతలో బేరమాడి తెచ్చినవాడు ఓబులేసే. రేటు నాలుక చివర ఉంది. చెప్పబోయాడు. తాత చేతి ఉంగరం మీద చూపు పడింది. చన్నీళ్లలో నానేసి తరిగినన్నాళ్లూ రాని నీళ్లు అప్పుడొచ్చాయి.

“చానా పడినాయి తాతా” అన్నాడు చివరికి.

తాత “ఊఁ” అన్నాడు. భుజం మీద ఒకసారి చెయ్యేసి, గోడ పట్టుకుని లేచి నమాజుకు వెళ్లాడు.

ఓబులేసు కూడా లేవబోయాడు. నడుం కింద కాళ్లు ఉన్నట్టే లేదు. చేతులు చాపకు ఆనించి ఇంకోసారి ప్రయత్నించి, పక్కకు ఒరిగాడు. గడప అవతల మస్తాను నీళ్లకుండ మోసుకుపోతున్నాడు.

“మస్తానూ” అని పిలిచాడు. ఆ గొంతు వీధి దాకా కాదు కదా, వాకిలి దాటేది కూడా కాదు. అందుకే మస్తాను ఆగాడు.

“ఏమైంది సారూ?”

“కాళ్లు తిమ్మిరెక్కినాయి. కొంచెం లేపు.”

మస్తాను కుండ దించి, నడుం మీద చేతులు పెట్టుకుని పైనుంచి కిందికి చూశాడు. “సన్నగా లేపాల్నా సారూ, కట్టెలు చీల్చినట్టు లేపాల్నా?”

“ఎట్లన్నా లేపు మస్తానూ. నాకు రావడం లే.”

నాకు రావడం లేదనే మాట ఓబులేసు నోట ఆ తకియాలో ఎవరూ వినలేదు. మస్తానూ విననట్టే ఊరుకున్నాడు. పొగవాసన కొట్టే చేతులు చంకల కింద పెట్టి, పరుపు చుట్టను లేపినట్టు ఒక్క ఊపున లేపి, భుజానికి ఆనించుకున్నాడు. ఇద్దరూ కలిసి మూడు కాళ్లతో వాకిట్లోకి వచ్చారు.

నమాజు అయింది. పళ్లేలు పరిచారు. ఊరు వచ్చి చుట్టూ చేరుతోంది.

ఓబులేసు కళ్లు అలవాటు కొద్దీ అన్నీ చూసేశాయి. అన్నం ఒక పక్క ముద్ద అయింది. దాల్చాలో ఎర్రగడ్డ ముక్కలు ఒక్కొక్కటి పడవంత తేలుతున్నాయి. ఉప్పు విరగడానికి అదనంగా వేసిన సొరకాయే పులుసు కంటే ఎక్కువుంది. ఎవరో తొందరలో తట్ట తన్నినట్టున్నారు, ఆయన కట్టిన మలీదా కవలలు చెదిరిపోతే పీరమ్మవ్వ మళ్లీ కట్టింది. ఒకటి కొబ్బరికాయంత, ఒకటి గోలీకాయంత. ఎవరూ కొట్టుకోవడం లేదు. పెద్ద ముద్ద వచ్చినవాడు చిన్న ముద్ద వచ్చినవాడికి విరిచి పెడుతున్నాడు.

తాత పళ్లెం చుట్టూ తాతా, పీరమ్మవ్వా ఉన్నారు. రెండు చోట్లు ఖాళీ. ఏటా అందులో ఒకటి, చివరిదాకా ఖాళీగా ఉండి, ఆఖర్న దారిన పోయే ఎవరో ఒక మనిషికి దక్కుతుంది. ఓబులేసు ఏ ఏడూ ఆ పళ్లెం దగ్గరికి వచ్చింది లేదు. నీళ్లు అందాయా, ముద్దలు సరిపోయాయా అని వరసల మధ్య తిరిగి, ఊరంతా వెళ్లాక అడుగున మిగిలింది నిలబడి తినేవాడు.

ఇప్పుడూ, కాళ్లలోకి కొంచెం సత్తువ రాగానే, “ఆ చివర పళ్లేనికి నీళ్లు పెట్టినారో లేదో” అని మస్తాను భుజం వదిలి కదలబోయాడు.

తాత చెయ్యి చాపి ఆయన వేళ్లు పట్టుకున్నాడు. ఆ పట్టులో బలమేమీ లేదు. దారం చుట్టిన ఉంగరం చల్లగా తగిలింది. ఓబులేసు వంగాడు. తాత ఆయన చెవి దగ్గర ఏదో అన్నాడు.

చుట్టుపక్కల పళ్లేల వాళ్లు చూశారు. ఓబులేసు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. తర్వాత మెల్లగా, గోడ కూలినట్టు కాదు, బరువు దించినట్టు, తాత పక్కన బండ మీద కూర్చున్నాడు.

మస్తాను ఆగలేకపోయాడు. “మాట ఇచ్చినాడా సారూ? ఏం మాట?”

“పాతదే మస్తానూ. నేను వచ్చినప్పుడల్లా అంటానే ఉన్నాడు.”

“ఏందది?”

ఓబులేసు పక్కకు జరిగి, బండ మీది బూడిద అరచేత్తో తుడిచి చోటు చేశాడు.

“కూర్చో” అన్నాడు.

మస్తాను కూర్చున్నాడు. నలుగురయ్యారు. పీరమ్మవ్వ, “హమ్మయ్య, ఈ యేడు దారిన పోయేవాడి కోసం చూడకుండా తిందాము” అంది. తాత బిస్మిల్లా అని మొదటి ముద్ద కలిపాడు. ఓబులేసు వేళ్లకు లావుపాటి ఎర్రగడ్డ ముక్క ఒకటి తగిలింది. పక్కకు తీసిపెట్టలేదు.